ఏ భుజం అని అడగలేదు

క్యాత్‌ల్యాబ్‌లో కొత్తగా చేరే పిల్లలు నన్ను తరచూ ఒకటే అడుగుతారు. "అమ్మా, ఇన్నేళ్ళ సర్వీసులో మీకు బాగా భయం వేసిన రోజు ఏది?" టేబుల్ మీద గుండె ఆగిపోయిన పేషెంట్ కథ చెబుతానని వాళ్ళు ఎదురుచూస్తారు. అలాంటివి చాలా చూశాను. అప్పుడు చేతులు వాటంతటవే పని చేసుకుపోతాయి, భయపడే తీరిక ఉండదు. నాకు భయం వేసింది ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని, టీ తాగుతూ, గోడ మీద ఒక పట్టిక చూసినప్పుడు. అందులో మా ఆసుపత్రి గడిలో సున్నా ఉంది. ఆ సున్నా వేసింది నేనే.

అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, రిటైరైన రోజు కప్పిన శాలువా, ఇవన్నీ మీకు అక్కర్లేదు. నాకూ అక్కర్లేదు.

నా పేరు రాజేశ్వరి. మాది తిరుమలాయపాలెం. ఖమ్మంలో ఒక గుండె ఆసుపత్రిలో నర్సుగా చేరి, అక్కడే క్యాత్‌ల్యాబ్ ఇన్‌ఛార్జిగా రిటైరయ్యాను. రక్తనాళాల గుండా సన్నటి వైర్లు పంపి గుండెకు వైద్యం చేసే గదిని క్యాత్‌ల్యాబ్ అంటారు. మా దగ్గర ఎక్కువగా గుండె లయ తప్పినవాళ్ళకు పేస్‌మేకర్ పెట్టేవాళ్ళం. గుండె మరీ నెమ్మదించి, మనిషి ఉన్నట్టుండి కూలిపోతుంటే, మెడ కింది ఎముకకు దిగువన చర్మం లోపల అగ్గిపెట్టెంత డబ్బా పెడతారు. దాన్నుంచి ఒక వైరు గుండెలోకి పోతుంది. గుండె కొట్టుకోవడం మరిచిపోయినప్పుడల్లా ఆ వైరు గుర్తు చేస్తుంది. వైరు తెగితే గుర్తు చేసేవాళ్ళు ఉండరు. అంతే సంగతులు.

మార్తమ్మ సిస్టర్ దగ్గర నేర్చుకున్నది

నాకు నోరెక్కువ. అది పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగంలో నేర్చుకున్నాను.

చేరిన కొత్తలో ఒక పెద్దాయనను ప్రొసీజర్‌కు సిద్ధం చేస్తూ, "ఏమన్నా తిన్నారా నాన్నా?" అని మెల్లగా అడిగాను. "లేదమ్మా" అన్నాడు అంతకంటే మెల్లగా. టేబుల్ మీద పడుకోబెట్టాక భళ్ళున వాంతి చేసుకున్నాడు. అన్నీ ఇడ్లీ ముక్కలే! ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటే మనిషి దక్కేవాడు కాదు. దేవుడి దయ, దక్కాడు. మా అప్పటి ఇన్‌ఛార్జి మార్తమ్మ సిస్టర్ నన్ను పక్కకు పిలిచి, "మెత్తగ అడిగితే మెత్తగ అబద్ధం చెప్తరు బిడ్డా. గట్టిగ అడుగు, గజగజ వణికి నిజం కక్కుతరు" అంది.

ఆవిడ చాలా మంచి మనిషి. జ్వరంతో ఉండి కూడా డ్యూటీకి వచ్చేది. ఆవిడ మాటను నేను రాతిమీద చెక్కినట్టు గుండెలో పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి వార్డులో నా గొంతు వినపడితే పేషెంట్ల వెంట వచ్చినవాళ్ళు చెప్పులు సర్దుకుని నిలబడేవాళ్ళు. డాక్టర్లు మురిసిపోయేవాళ్ళు. "రాజేశ్వరి ఉంటే భయం లేదు" అనేవాళ్ళు. భయమంతా ఎటు పోయిందో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

రాకపోతే మంచిగున్నట్టే

మా పెద్ద డాక్టర్ ప్రభాకర్ గారు. చేయి అద్భుతం. ఆయన వైరు వేస్తుంటే చూడటం ఒక చదువు. ఇక అహం అంటారా, అది గదిలోకి ఆయన కంటే ముందు వచ్చేది. అయినా పేషెంట్ దగ్గర కక్కుర్తి పడిన మనిషి కాదు, ఆ మాట ఎక్కడైనా చెబుతాను.

ఒకరోజు మా ఎదుటి ఆసుపత్రి నుంచి డాక్టర్ నస్రీన్ వచ్చింది. మాకూ వాళ్ళకూ పడేది కాదు. మా పేషెంట్ వాళ్ళ గేటు దాటితే మాకు కడుపుమంట, వాళ్ళ పేషెంట్ మా గేటు దాటితే వాళ్ళకు కడుపుమంట. అలాంటిది ఆమె నేరుగా ప్రభాకర్ గారి గదిలోకి వచ్చి కూర్చుని అడిగింది.

"సార్, మీరు పెట్టిన పేస్‌మేకర్‌కు ఏమన్నా తేడా వస్తే మీకు తెలుస్తదా?"

"ఎందుకు తెల్వదు? నా పేషెంట్ నా కాడికే వస్తడు."

"రాకపోతే?"

"రాకపోతే మంచిగున్నట్టే గదమ్మా!"

అందరం నవ్వాము. ముందు నవ్వింది నేనే. నస్రీన్ మాత్రం నవ్వలేదు. ఆమె అడిగింది ఇదీ: ఖమ్మంలో మూడు ఆసుపత్రులు, వరంగల్‌లో ఒకటి, నాలుగూ కలిసి ఒకే రిజిస్ట్రీ, అంటే ఉమ్మడి లెక్కల పుస్తకం, పెట్టుకుందాం. ప్రతి పేస్‌మేకర్, గుండె లయ కోసం చేసే ప్రతి చికిత్స అందులో రాద్దాం. పేరు వద్దు, డబ్బా మీది నంబరు చాలు. తర్వాత ఏం జరిగిందో మంచీ చెడూ దాచకుండా రాద్దాం.

ప్రభాకర్ గారికి ఒళ్ళు మండింది. "మన ఇంటి గుట్టు మనమే బజార్ల పెట్టుకోవాల్నా?" అన్నారు. నెల రోజులు నాన్చి చివరికి సరే అన్నారు. ఎందుకు ఒప్పుకున్నారో నాకు తెలుసు. మా లెక్కలో సమస్యలు లేవు. పక్కవాళ్ళ గుట్టు చూడొచ్చని ఆయన ధీమా. నాకూ అదే ధీమా.

ఫారం తయారు చేసే పని నా మీద పడింది. నాలుగు రోజులు కూర్చుని రాశాను. వయసు, మండలం, డబ్బా నంబరు, వైరు ఏ కంపెనీ, ఏ వైపు వేశారు. "ఏ చేతివాటం?" అని కూడా ఒక ప్రశ్న పెట్టాను. కుడిచేతి వాటం మనిషికి ఎడమ వైపు పెడతాం, పనిచేసే చేతికి అడ్డం రాకుండా. ఎడమచేతి వాటమైతే కుడి వైపు. ప్రపంచమంతా అడిగే ప్రశ్నే అది. అందరూ ఫారం బాగుందన్నారు. నాకు గర్వంగా అనిపించింది.

ఆరు వారాలకు గాయం చూడటం, ఆ తర్వాత అప్పుడప్పుడు ఫోన్ చేయడం కూడా నా పనే. అడవి అంచు ఊళ్ళకు ఫోన్ కలవడమే గగనం. కలిసిందంటే నేను అడిగేది ఒక్కటే. "మనిషి మంచిగున్నడా?" అవతల నుంచి "అవ్" అని వినపడేది. సమస్య లేదు అని టిక్కు పెట్టేదాన్ని. ఒక్కో ఫోన్‌కు నిమిషం పట్టేది కాదు. ఎంత తెలివి!

భీమయ్యను తిట్టిన రోజు

బూర్గంపాడు అవతల అడవిలో ఒక చిన్న గూడెం నుంచి మడకం భీమయ్య అని ఒకాయన వచ్చేవాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, బలంగా ఉండేవాడు. ఆయన గుండె సొంతంగా కొట్టుకోవడం దాదాపు మానేసింది. పూర్తిగా డబ్బా మీదే నడుస్తోంది. ఆరు వారాలకు గాయం చూపించుకోవడానికి భార్య జోగమ్మతో, బావమరిది సోమయ్యతో కలిసి వచ్చాడు. కట్టు విప్పి చూస్తే గాయం మీద ఆకు పసరు పూసి ఉంది.

నేను ఆ రోజు అన్న మాటలు రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. "ఇది దవాఖానా అనుకున్నవా, పశువుల కొట్టం అనుకున్నవా? సచ్చేటట్టుంటే ఊర్లనే సావరాదూ, మా పానం తీసుడెందుకు?" అన్నాను. ఓపీ అంతా తిరిగి చూసింది. భీమయ్య తల దించుకున్నాడు. జోగమ్మ తన కొంగుతో ఆ పసరు తుడవబోయింది. దానికీ అరిచాను. సోమయ్య తలుపు దగ్గరే నిలబడి అంతా చూశాడు.

గాయం లోపల శుభ్రంగా మానింది. రెండు నెలలకు అదే జబ్బుతో సోమయ్యా మా దగ్గరే పేస్‌మేకర్ పెట్టించుకున్నాడు. ఇద్దరికీ కలిపి జోగమ్మ ఫోన్ నంబరే ఇచ్చారు. ఆ ఇళ్ళలో ఫోన్ ఆమెకే ఉంది. ఆ తర్వాత భీమయ్య మళ్ళీ కనపడలేదు. ఫోన్ చేస్తే "అవ్, మంచిగనే ఉన్నడు" అనేది జోగమ్మ. చూశారా, తిడితేనే దారికి వస్తారు అనుకున్నాను.

నాలుగు జాబితాలు

నాలుగు ఆసుపత్రుల జాబితాలు మొదటిసారి కలిపిన రోజు. నస్రీన్ వాళ్ళ మీటింగ్ గదిలో కూర్చున్నాం. వేడివేడిగా టీ ఇచ్చారు. డబ్బా నంబర్లను బట్టి కంప్యూటర్ నాలుగింటినీ ఒకదాని పక్కన ఒకటి చేర్చి గోడ మీద చూపించింది.

నస్రీన్ చదువుతోంది. "మగ, యాభై పైన, బూర్గంపాడు మండలం. ఎడమ దిక్కు. లోపల వైరు విరిగింది. స్పృహ లేకుండ తెచ్చిన్రు. మేం వైరు మార్చినం."

పక్క గడి చూశాను. మొదట పేస్‌మేకర్ పెట్టిన ఆసుపత్రి మాదే. డబ్బా నంబరు నేను నా చేత్తో ఎక్కించినదే. భీమయ్య! దాని పక్కన నా నివేదిక: సమస్య లేదు. మా సమస్యల గడిలో సున్నా. తేదీ చూస్తే వాళ్ళు వైరు మార్చిన తర్వాతి వారం.

చేతిలో టీ కప్పు అలాగే ఉండిపోయింది. ఒక మనిషి గుండె ఆగిపోయే దాకా వెళ్ళి, ఎదుటి ఆసుపత్రిలో మళ్ళీ కోయించుకుని, ఇంటికి పోయి పడుకుంటే, నేను ఫోన్ చేసి బాగున్నాడని రాసుకున్నాను. మా గేటుకు వంద అడుగుల దూరంలో ఇదంతా జరిగింది. నాకు తెలియదు!

నస్రీన్ ఆపలేదు. చండ్రుగొండ వైపు ఒకాయన, వరంగల్ వాళ్ళ పేషెంట్. అడవి అంచునే ఇంకొకాయన, మూడో ఆసుపత్రి పేషెంట్. ఇంకొకరు. అందరిదీ వైరు విరగడమే. అందరూ మగవాళ్ళే. అందరికీ ఎడమ వైపే. మాది తప్ప ఒక్కో ఆసుపత్రి దగ్గర ఒకటో రెండో ఉన్నాయి. విడివిడిగా చూస్తే ఎవరికి వాళ్ళు "వాడి ఖర్మ" అనుకుని ఫైలు మూసేశారు. నాలుగూ కలిపి గోడ మీద పెడితే అది ఖర్మ కాదని తెలిసిపోయింది.

"వైరు కంపెనీది లోపం అయ్యుంటది" అన్నారు ప్రభాకర్ గారు.

"ఒక్క కంపెనీ కాదు సార్. చూడండి, వేరువేరు."

"వేసిన చెయ్యి?"

"చేతులు గూడ వేరే. మీరున్నరు, నేనున్న."

ఆయన లేచి గోడ దగ్గరికి పోయి ఒక్కో గడి మీదా వేలు పెట్టి చదివారు. అప్పుడు నస్రీన్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి మెల్లగా అంది. "మేం కొత్త వైరు గూడ అదే దిక్కు వేసినం. ఎందుకు విరిగిందో తెల్వకుండనే వేసినం. మళ్ళ విరిగితే ఆయన ఖమ్మం దాక బతికి రాడు."

వెంటనే జోగమ్మకు ఫోన్ చేశాను. స్విచాఫ్. తునికాకు కోసే కాలం, ఊరంతా అడవిలోనే ఉంటుంది. మళ్ళీ చేశాను. స్విచాఫ్. "నడువండి అక్కా, మనమే పోదాం" అంది నస్రీన్. మరునాడు పొద్దున్నే ఆమె కారులోనే బయల్దేరాం.

బూర్గంపాడు దాటాక

కారు పోయినంత దూరం పోయి, తర్వాత నడిచాం. ఎండ మాడుస్తోంది. దారి పొడవునా నస్రీన్ ఒకటే మాట చెప్పింది. "అక్కా, అక్కడ మీరు మాట్లాడకండి. నేను మాట్లాడ్త." నాకు చుర్రుమంది. నన్ను మాట్లాడొద్దనే మొనగాడు ఖమ్మంలో లేడు మరి!

జోగమ్మ వాకిట్లో కూర్చుని ఆకును కట్టలు కడుతోంది. నన్ను చూడగానే లేచి నిలబడింది.

"భీమయ్య ఏడి జోగమ్మా?" అన్నాను.

"అడివిల ఉన్నడు. వచ్చే యాల్లైంది."

"సోమయ్య ఎట్లున్నడు? మొన్న ఫోన్ల మంచిగున్నడంటివి గదా?"

ఆమె మళ్ళీ కూర్చుని ఆకు అందుకుంది. తల ఎత్తకుండానే "అవ్" అంది. నా మనసంతా భీమయ్య మీద ఉంది. ఆ "అవ్" విని ఊరుకున్నాను.

కాసేపటికి చెట్ల మధ్య నుంచి భీమయ్య వచ్చాడు. చూసి నోరు తెరిచాను. ఎడమ భుజం మీద వెదురు కావడి. రెండు వైపులా ఆకు మోపులు ఊగుతున్నాయి. అడుగు వేసినప్పుడల్లా ఆ వెదురు బద్ద వంగి, మెడ కింది ఎముక మీద దిగి, లేస్తోంది. ఆ ఎముక కిందనే వైరు ఉంది. కుడి చేతిలో కత్తి.

"దింపు! దింపు! దింపు కిందికి!" అని అరుస్తూ ఉరికాను. భీమయ్య బెదిరిపోయి కావడి వదిలేశాడు. నస్రీన్ నా చేయి గట్టిగా పట్టుకుని వెనక్కి లాగింది. ఆయనను నీడకు తీసుకుపోయి, నీళ్ళు తాగించి, తనూ కింద కూర్చుంది.

"పెద్దయ్యా, ఎప్పుడు గీ భుజం మీదనే మోస్తవా?"

"అవ్. చిన్నప్పటిసంది గిదే భుజం."

"గా భుజం మీద ఎందుకు మోయవు?"

భీమయ్య ఆమెను వింతగా చూశాడు. ఇంత చదువుకున్న మనిషికి ఇది తెలియదా అన్నట్టు. "కుడి చేతిల కత్తి ఉండాలె గద తల్లీ. తీగలు కొట్టుకుంట పోవాలె. కుడి భుజం మీద బరువుంటే కత్తి ఎట్ల ఆడ్తది?"

నస్రీన్ ఆయన అంగీ పక్కకు జరిపింది. ఎడమ భుజం మీద చర్మం బొబ్బలు కట్టి, ఎండి, చెప్పు అడుగులా గట్టిపడింది. దాని కింద జానెడు దూరంలో మేము కోసిన గీత. ఆపరేషన్ రోజు ఆ భుజానికి నేనే మందు రాసి శుభ్రం చేశాను. ఆ గట్టి చర్మం నా చేతికి తగిలే ఉంటుంది. ఒక్క క్షణం ఆగి, ఇదేంటి అని అనుకోలేదు. ఏ చేత్తో పని చేస్తావు అని మాత్రం అడిగాను. కుడి అన్నాడు, ఎడమ వైపు పెట్టించాను. మనకు ఎడమ భుజం అంటే ఊరికే ఉండేది. ఆ మనిషికి ఇల్లు గడిపేదే అది.

"బరువు మోయొద్దని నీకు చెప్పలేదా?" అన్నాను.

"ఆరు వారాలు అంటిరి గద సిస్టరమ్మా" అన్నాడు. జోగమ్మ ఇంట్లోకి పోయి ఒక తాడు తెచ్చింది. రోజుకు ఒక ముడి వేసుకున్నారట. లెక్కపెట్టాను. నలభై రెండు ముళ్ళు. ఒక్కటి తక్కువ లేదు. నలభై మూడో రోజు కావడి ఎత్తుకున్నాడు. నేను చెప్పింది చెప్పినట్టు అక్షరం పొల్లుపోకుండా చేశాడు. ఖమ్మంలో చదువుకున్న పేషెంట్లు కూడా ఎవరూ అలా చేయలేదు.

"మరి వైరు విరిగినప్పుడు మా కాడికి రాకుండ మేడం కాడికి ఎందుకు పోతిరి?"

భార్యాభర్తలు వాళ్ళ భాషలో ఏదో అనుకున్నారు. తర్వాత భీమయ్యే చెప్పాడు, నవ్వుతూ, నొప్పించకూడదన్నట్టు. "నువ్వు తిడ్తవని."

అక్కడే మట్టిలో కూర్చున్నాను. గట్టిగా అడిగితే నిజం కక్కుతారని ఇన్నేళ్ళు నమ్మాను. గట్టిగా అరిచి, నిజం మా గేటు దాకా రాకుండా తరిమేశాను. మా గడిలో సున్నా అలా వచ్చింది.

కుడి వైపు

ఆ రోజే భీమయ్యను, జోగమ్మను కారులో ఖమ్మం తీసుకొచ్చాం. ఎక్స్‌రేలో కొత్త వైరు కూడా ఎముక కింద నొక్కుకుపోయి కనిపించింది. మిషన్ పెట్టి చూస్తే మధ్యమధ్య గుండెకు సందేశం అందటం లేదు. ఇంకొక్క వారం కావడి మోసి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పనక్కర్లేదు.

ప్రభాకర్ గారు ఆ ఎక్స్‌రేను చాలాసేపు చూశారు. తర్వాత ఎన్నడూ చేయని పని ఒకటి చేశారు. భీమయ్య మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, "కుడి దిక్కు మార్చమంటవా భీమయ్యా? కత్తి ఆడేది ఆ చెయ్యే గద. నువ్వే చెప్పు" అని అడిగారు.

భీమయ్య తన కుడి చేయి ఎత్తి చూసుకున్నాడు. "కత్తి బరువెంత సారూ? మోసేదే బరువు. కుడి దిక్కే పెట్టు. మోసుడు బంద్ చెయ్యమంటే మాత్రం కాదు, మేం తినాలె గద."

మా క్యాత్‌ల్యాబ్‌లో ప్రభాకర్ గారూ నస్రీనూ పక్కపక్కన నిలబడి ఆ వైరు వేశారు. ఎదుటి ఆసుపత్రి డాక్టర్ మా గదిలో గౌను వేసుకోవడం అదే మొదలు. నేను ఆమెకు సామాను అందించాను. ఆపరేషన్ బాగా జరిగింది. భీమయ్య గుండె తడబాటు లేకుండా కొట్టుకుంటున్న గీత తెర మీద చూసి ప్రభాకర్ గారు మాస్కు తీసి, "ఫారంల ఆ ప్రశ్న రాయి రాజేశ్వరీ" అన్నారు. ఆ సాయంత్రమే నాలుగు ఆసుపత్రులకూ పంపాను: బరువు ఏ భుజం మీద మోస్తారు?

ఇప్పుడు మీరు నింపే ఫారంలో ఆ ప్రశ్న చూసి కొందరు నవ్వుతారని విన్నాను. నవ్వండి, కానీ అడగండి. అడిగాక ఆ భుజాన్ని చేత్తో ముట్టి చూడండి. ఫోన్‌లో "మంచిగున్నడా" అని అడగకండి, దానికి "అవ్" తప్ప జవాబు రాదు. ఆ మనిషికే ఫోన్ ఇమ్మనండి. నిన్న ఏం పని చేశాడో, ఎంత దూరం నడిచాడో అడగండి. ఇక మీ గడిలో సున్నా ఉందా, సంతోషపడే ముందు మీ గేటు వైపు చూసుకోండి. రావడానికి ఎవరు భయపడుతున్నారో కనుక్కోండి. మార్తమ్మ సిస్టర్ ఉంటే ఈ మాట ఆవిడకూ చెప్పేదాన్ని. వినేది, అంత మంచిది ఆవిడ.

ఇంకొక నంబరు

భీమయ్యను ఇంటికి పంపే రోజు. నా దగ్గర జాబితా ఉంది. అడవి అంచు మగవాళ్ళు, ఎడమ వైపు వైరు ఉన్నవాళ్ళు. అందరినీ పిలిపించి ఎక్స్‌రే తీయాలని నిర్ణయం అయింది. మొదటి పేరు సోమయ్యదే. ఆయన పేరు విరిగిన వైర్ల లెక్కలో లేదు. ఏ ఆసుపత్రికీ పోలేదు. నా టిక్కులు వరుసగా ఉన్నాయి. వానాకాలం ఒకటి, చలికాలం ఒకటి, మొన్న ఒకటి.

మందుల సంచి జోగమ్మ చేతికిస్తూ చెప్పాను, ఎన్నడూ లేనంత మెత్తగా. "జోగమ్మా, మీ తమ్ముణ్ణి గూడ జల్దీ పంపు. కారు మేమే పంపుతం. ఆయనకు గూడ ఎడమ దిక్కే ఉంది. వైరు చూడాలె."

భీమయ్య మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"ఏందీ, ఊర్ల లేడా?"

"లేడు సిస్టరమ్మా" అంది జోగమ్మ. "పోయిన వానకాలమే పోయిండు. నీళ్ళ కావడి తెచ్చుకుంట వాకిట్ల వడ్డడు. మళ్ళ లేవలే."

నా చేతిలోని కాగితం వైపు చూశాను. వానాకాలం, సమస్య లేదు. చలికాలం, సమస్య లేదు. మొన్న, సమస్య లేదు.

"మరి నేను ఫోన్ చేసినప్పుడు..."

"ఆయన పోయిన మూడో దినం చేసినవ్. మంచిగున్నడా అన్నవ్. సచ్చిపోయిండు అంటే, చెప్పింది ఇనకనే మీరే సంపుకున్నరని అంటవని..." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "అవ్ అన్న. ఒక్కసారి అన్నంక మళ్ళ ఎట్ల మార్చాల్నో తెల్వలే."

"ఏ భుజం మీద మోసేటోడు?" అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు. నాకు తెలిసిన ప్రశ్న అదొక్కటే మిగిలింది.

జోగమ్మ తన ఎడమ భుజం మీద చేయి వేసుకుంది. తర్వాత ఆ చేయి దించి, సంచి కింద పెట్టి, తల వంచుకుని నా ముందు నిలబడింది. గాయం చూపించుకోవడానికి వచ్చిన రోజు ఆమె మొగుడు నిలబడ్డట్టే.

"ఇగ తిట్టు సిస్టరమ్మా" అంది.

వార్డులో అందరూ మా వైపే చూస్తున్నారు. నేను పెన్ను తీసి, కాగితం మీద నా మూడు టిక్కులూ కొట్టేశాను.